గ్రనాడా నుంచి వచ్చిన ఫోను

గత నవంబరు మొదటివారంలో ఒకనాటి రాత్రి ఇషా నమాజు ముగించుకొని ఇంటికి వచ్చి, భోజనానికి కూర్చోబోతుండగా మా ఫోను మోగింది. స్పెయిన్ దేశంలోని గ్రనాడా నగరం నుంచి మా పూర్వవిద్యార్థి ఒకడు మాట్లాడుతున్నాడు. మాకు రాత్రి ఎనిమిది దాటింది. అతనికి మధ్యాహ్నం మూడున్నర. సలాము చేశాడు, క్షేమసమాచారాలు అడిగాడు, ఆపైన కొంతసేపు మౌనంగా ఉండిపోయాడు. తరువాత మెల్లగా అన్నాడు: "హజ్రత్, నేను తిరిగి వచ్చేస్తాను. ఈ మాట అబ్బాకు ఎలా చెప్పాలో తెలియక ముందు మీకు చేశాను."

ఆ అబ్బాయిని గురించి పాఠకులకు నాలుగు మాటలు చెప్పాలి. కర్నూలులో మోటారు వైండింగు దుకాణం నడుపుకొనే ఒక సామాన్య కుటుంబంలో పెద్దకుమారుడు. పగలు బడికి వెళ్తూ, సాయంత్రాలు మా మదర్సాలో ఎనిమిదేళ్ళు చదివాడు. అరబీ వ్యాకరణంలో 'మీజాన్' మొదలుకొని 'నహ్వె మీర్', 'హిదాయతున్నహ్వ్' వరకు మా వద్దనే పూర్తి చేశాడు. జ్ఞాపకశక్తి అపారం. ఒకసారి విన్న సూత్రాన్ని మరునాడు అక్షరం పొల్లుపోకుండా అప్పగించేవాడు. ఇంటర్మీడియట్ ముగిసిన తరువాత హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో స్పానిష్ భాష ప్రధానాంశంగా డిగ్రీలో చేరతానన్నాడు. తండ్రి మా సలహా అడగడానికి వచ్చాడు. వద్దని చెప్పాము.

వద్దనడానికి మేము పైకి చెప్పిన కారణం ఒకటి, మనసులో ఉన్నది మరొకటి. పైకి చెప్పినది, ఆ భాష మనకు ఏమి పనికివస్తుందని. అది మా అజ్ఞానం. ఇరవై దేశాలలో అధికారభాషగా, సుమారు 50 కోట్లమందికి మాతృభాషగా ఉన్న భాష అది. హైదరాబాదు కంపెనీలలో ఆ భాష తెలిసినవారికి ఉద్యోగాలున్నాయని ఆ తండ్రే మాకు వివరించాడు. మనసులో ఉన్నది వేరు. అందులుస్ గడ్డపై దాదాపు ఎనిమిది వందల ఏళ్ళు వర్ధిల్లిన అరబీని నోరు మూయించిన భాష అది. మా చేత అరబీ నేర్చిన పిల్లవాడు పోయి ఆ భాషకు శిష్యుడు కావడం మాకు మింగుడు పడలేదు. తండ్రి మా మాటను గౌరవంగా విన్నాడు. చివరికి కొడుకు మాటనే మన్నించాడు. మూడవ సంవత్సరంలో గ్రనాడా వెళ్ళి ఒక సెమిస్టరు చదివే అవకాశం వచ్చినప్పుడు తల్లి తన రెండు బంగారు గాజులు అమ్మి డబ్బు సమకూర్చింది. ఆ గాజుల సంగతి గుర్తున్నందువల్లనే అతను నేరుగా ఇంటికి ఫోను చేయలేకపోయాడు.

ఏమి జరిగిందని అడిగాము. ఆరు వారాల దిగులంతా ఒక్కసారిగా చెప్పుకొచ్చాడు.

గ్రనాడా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా విదేశీయులకు స్పానిష్ నేర్పే ఆధునిక భాషల కేంద్రం ఒకటి రెయలేహో అనే పేటలో ఉన్నది. వచ్చినవారికి ముందుగా పరీక్ష పెట్టి, స్థాయినిబట్టి తరగతులలో కూర్చోబెడతారు. వ్రాతపరీక్షలో మావాడు బాగా వ్రాశాడు. క్రియారూపాలన్నీ అతనికి కంఠస్థమే. కాబట్టి పై తరగతిలో వేశారు. తీరా తరగతిలో కూర్చుంటే నోరు పెగలలేదు. పక్కన కూర్చున్న అమెరికా విద్యార్థికి పుంలింగ స్త్రీలింగాల తేడా కూడా సరిగా తెలియదు. అయినా అతను తప్పు మీద తప్పు చేస్తూ, నవ్వుతూ, నవ్విస్తూ గంటసేపు మాట్లాడతాడు. మావాడు మాత్రం ముందు వాక్యాన్ని మనసులో కూర్చుకుంటాడు, లింగం సరిచూస్తాడు, క్రియ సరిచూస్తాడు, అది పూర్తిగా నిర్దోషమని తేల్చుకొని తల ఎత్తేసరికి సంభాషణ ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుంది.

వీధిలోకి వస్తే ఇంకో సమస్య. పుస్తకంలోని స్పానిష్ వేరు, గ్రనాడా ప్రజల నోటిలోని స్పానిష్ వేరు. అక్కడివారు పదాంతంలోని సకారాన్ని మింగేస్తారు. 'లాస్ కాసాస్' అంటే ఇళ్ళు. వారి నోట అది 'లా కాసా' వలె వినిపిస్తుంది, అంటే ఒక్క ఇల్లు. చివరి అచ్చును కాస్త విప్పి పలకడంలో మాత్రమే తేడా. ఒక ఇల్లన్నారో పది ఇళ్ళన్నారో పోల్చుకోవడానికే అతనికి నెల పట్టింది.

అతను ఉంటున్నది డెబ్బై ఏళ్ళు దాటిన ఒక వితంతువు ఇంట. ఆమె పిల్లలు వేరే ఊళ్ళలో స్థిరపడ్డారు. ఒక గదిని విద్యార్థులకు అద్దెకిచ్చి, భోజనం కూడా పెడుతుంది. మధ్యాహ్న భోజనం మూడు గంటలకు, రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు. తాను మాంసం తిననని మావాడు మొదటిరోజే చెప్పాడు. ఆమె సరేనన్నది. ఆ దేశంలో 'కార్నే' అంటే మాంసమే గానీ, పంది తొడను ఉప్పులో ఊరవేసి ఆరబెట్టే 'హమోన్' సంగతి చాలామంది మనసులో ఆ మాట కిందికి రాదు. అది వారికి ఒక రుచి, మన పోపు వంటిది. ఫోను వచ్చిన ఆనాడు ఆమె ఎంతో ప్రీతితో గింజల కూర వండి పెట్టింది. నోటివరకు వెళ్ళిన చెంచాలో చిన్న గులాబిరంగు ముక్క కనిపించింది. అబ్బాయి చెంచా దించేశాడు. ఎందుకో చెప్పడానికి ఒక్క వాక్యం కూడా రాలేదు. లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. తన వంట నచ్చలేదనుకున్న ఆ వృద్ధురాలు వంటింట్లో ఒంటరిగా కూర్చుని ఉన్నది. ఇతను గదిలో కూర్చుని మాకు ఫోను చేస్తున్నాడు.

ఇక్కడ మా లోపం ఒకటి ఒప్పుకోవాలి. ఇదంతా వింటున్నప్పుడు మాకు కలిగిన మొదటి భావం జాలి కాదు. 'మేము ముందే చెప్పలేదా' అనే మాట నాలుక చివరికి వచ్చింది. అది బయటికి రాకముందే అతను మరొక మాట అన్నాడు.

"హజ్రత్, మీ దగ్గర ఎనిమిదేళ్ళు అరబీ చదివాను. ఒక్క అరబ్బు ఎదురైతే మంచినీళ్ళు అడగగలనా? స్పానిష్ కూడా అట్లాగే చదివాను. నాకు సూత్రాలు వస్తాయి, భాష రాదు."

శిష్యుడు గురువును నిందించడానికి అన్న మాట కాదది. తన దుఃఖంలో నిజం చెప్పాడు. అయినా తగలవలసిన చోట తగిలింది. భోజనం చల్లారిపోతున్నదని ఇంట్లోవాళ్ళు సైగ చేస్తున్నారు. మేము ఫోను పట్టుకొని అట్లాగే నిలబడిపోయాము.

ఇరవై అయిదేళ్ళ కిందట మేము మా తల్లిగారిని వెంటబెట్టుకొని హజ్జుకు వెళ్ళాము. అప్పటికే ఏడేళ్ళుగా 'హిదాయతున్నహ్వ్' పాఠం చెబుతున్న ఉపాధ్యాయులం. మదీనాలో ఒకరాత్రి అమ్మీకి వాంతులు పట్టుకొని, కళ్ళు తిరిగి, లేవలేని స్థితి ఏర్పడింది. బసకు దగ్గరలోని మందుల దుకాణానికి పరుగెత్తాము. దుకాణంలోని వ్యక్తి 'ఏమి కావాలి' అని అడిగాడు. కర్త, కర్మ, విశేషణం, వాటి ఏరాబులు, అన్నీ మా తలలో బారులు తీరి నిలబడ్డాయి. నోటినుంచి మాత్రం ఒక్క మాట రాలేదు. పొరపాటు పడితే ఈ అరబ్బు ఏమనుకుంటాడోనన్న సిగ్గు. అక్కడ అమ్మీ ప్రాణం మీదికి వచ్చి ఉండగా మాకు సిగ్గు! చివరికి పక్కనే నిలబడి ఉన్న ఒక మలయాళీ కూలీ మా ఉర్దూ అర్థం చేసుకొని మా తరఫున మాట్లాడాడు. ఏనాడూ మదర్సా గడప తొక్కనివాడు. అతని అరబీలో ఏరాబు లేదు, లింగం లేదు, వచనం లేదు. అయినా మందు దొరికింది. అల్లాహ్ దయవల్ల తెల్లవారేసరికి అమ్మీ కోలుకున్నది.

ఈ సంగతిని మేము ఇన్నేళ్ళుగా ఏ విద్యార్థికీ చెప్పలేదు. ఊరికి తిరిగివచ్చిన తరువాత హజ్జు యాత్రా విశేషాలు ఎన్నోసార్లు చెప్పాము గానీ, మందుల దుకాణం వరకు వచ్చేసరికి దాటవేసేవాళ్ళం. ఆ రాత్రి ఫోనులో మొదటిసారి చెప్పాము. అబ్బాయి అంతా విని "మీరా, హజ్రత్?" అన్నాడు. మేమేనన్నాము. తరువాత ఇట్లా అన్నాము: "టికెట్టు సంగతి రేపు మాట్లాడుకుందాం. ముందు తలుపు తీసుకొని వంటింట్లోకి వెళ్ళు. నీకు వచ్చినంతలో, తప్పుల తడకగానైనా, ఆ పెద్దామెకు విషయం చెప్పు. నీ మౌనంవల్ల ఆమె మనసు నొచ్చుకొని ఉంటుంది. వ్యాకరణం తప్పితే ఎవరి హృదయమూ గాయపడదు."

వెళ్ళాడు. తాను అన్నది మరునాడు మాకు అప్పగించాడు: 'యో నో కోమేర్ హమోన్. నుంకా. పెర్దోన్.' అంటే, నేను హమోన్ తినడం లేదు, ఎన్నడూ, క్షమించండి. ఆ వాక్యంలో క్రియ ధాతురూపంలోనే మిగిలిపోయింది. మూడవ సంవత్సరం విద్యార్థి చేయకూడని తప్పు. ఆమె తప్పు చూడలేదు. గిన్నె తీసి పక్కన పెట్టింది, కుర్చీ లాగి కూర్చోబెట్టింది, ఇంకా ఏమేమి తినవో చెప్పమన్నది. గంటన్నర పట్టిందట. ఆ తరువాత టికెట్టు మాట మళ్ళీ రాలేదు.

ఆనాటినుంచి అతని అసలు తరగతి ఆ వంటింట్లోనే జరిగింది. ఆమె ఉల్లిపాయ తరుగుతూ అడుగుతుంది, ఇతను సమాధానం చెబుతాడు. ఒకనాడు అలసిపోయి వచ్చి 'కన్సాదో' అనబోయి 'కసాదో' అన్నాడు. మొదటిది అలసినవాడు, రెండవది పెళ్ళయినవాడు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేమి, అమ్మాయి ఎక్కడ?" అని ఆమె గంభీరంగా అడిగిందట. గోడమీద హజ్రత్ మర్యమ్ చిత్రపటం ఉన్నది. ఈమె నీకు తెలుసునా అని ఒకరోజు అడిగింది. దివ్య ఖుర్ఆనులో ఆమె పేరిట ఒక సూరాయే ఉన్నదని చెప్పడానికి మావాడికి అరగంట పట్టింది, చేతులతో సైగలు కూడా అవసరమయ్యాయి. ఆమె ఆ మాట తన చెల్లెలికి ఫోను చేసి మరీ చెప్పిందట.

ఇక మాకు ప్రతి ఆదివారం ఫోనులో కొత్త మాటల కానుక అందసాగింది. తలగడను అక్కడ 'అల్మోఆదా' అంటారు. అది మన అరబీ 'అల్ మిఖద్దా'. నూనె 'అసేయితే', అంటే 'అజ్జైత్'. బియ్యం 'అర్రోస్', అంటే 'అర్రుజ్జ్'. నగరాధ్యక్షుడు 'అల్కాల్దె'; పూర్వం ఆయన 'అల్ ఖాజీ'. పొలాల మధ్య పారే కాలువ 'అసేకియా', అది 'అస్సాఖియా'. కస్టమ్స్ కార్యాలయం 'అదువానా'. అది 'అద్దీవాన్', మన దివాణమే. పేరు చెప్పనవసరం లేనివాడిని వారు 'ఫులానో' అంటారు, మనం 'ఫలానా' అంటాం; ఇద్దరికీ ఇచ్చింది అరబీయే. మరికొన్ని మాటలు మన దేశంనుంచి బయలుదేరి పారసీకుల మీదుగా, అరబ్బుల మీదుగా అక్కడికి చేరాయి. పంచదార అక్కడ 'అసూకర్', అరబీలో 'సుక్కర్', మన దగ్గర శర్కర, చక్కెర. నారింజ అక్కడ 'నరాంహా'. గ్రనాడా సంతలో నారింజ కొనడానికి కర్నూలు కుర్రవాడికి నిఘంటువు అవసరం లేకపోయింది.

ఒకవారం అతను ఎంతో ఉత్సాహంగా, "హజ్రత్, పెద్దలను గౌరవంగా పిలిచే 'ఉస్తెద్' అనే మాట మన 'ఉస్తాద్' నుంచే వచ్చిందంటున్నారు" అన్నాడు. మేము పొంగిపోయాము. రెండు రోజులు అందరికీ చెప్పాము కూడా. మరుసటి ఆదివారం అతనే దిద్దాడు: పండితులు దానిని అంగీకరించరట, 'వుయెస్త్రా మెర్సెద్', అంటే 'తమరి అనుగ్రహం' అనే పాత మర్యాదమాట అరిగి అరిగి 'ఉస్తెద్' అయినదట. మనకు నచ్చిన మాట నిజం కానవసరం లేదు.

అయితే ఒక మాట విషయంలో మా వ్యాకరణం కూడా పనికివచ్చింది. ఏదైనా జరిగితే బాగుండునని కోరుకునేటప్పుడు స్పెయిన్‌వారు 'ఒహలా' అంటారు. 'ఇన్షా అల్లాహ్' నుంచి వచ్చిందని సామాన్యంగా చెబుతారు. వారి ప్రామాణిక నిఘంటువు మాత్రం దానిని 'లౌ షా అల్లాహ్' అనే అందులుసీ అరబీ ప్రయోగంతో ముడిపెడుతున్నది. అరబీ చదివినవారికి తేడా తెలుస్తుంది. 'ఇన్' సాధ్యమైన షరతుకు. 'లౌ' జరుగుతుందో లేదో తెలియని, జరగకపోవచ్చుననుకొనే ఊహకు. 'ఒహలా' తరువాత వచ్చే క్రియ ఎప్పుడూ సందేహాన్నీ కోరికనూ తెలిపే ప్రత్యేక రూపంలోనే ఉండాలని స్పానిష్ వ్యాకరణ నియమం. వందల ఏళ్ళు గడిచినా ఆ 'లౌ' తన స్వభావం విడువలేదన్నమాట! ఈ సంగతి మేము వివరించినప్పుడు అబ్బాయి దానిని మరునాడు తరగతిలో చెప్పాడు. ఆరు వారాలు మూగగా ఉన్నవాడు లేచి నిలబడి మాట్లాడేసరికి ఉపాధ్యాయురాలు ఆశ్చర్యపోయిందట.

ఇన్షా అల్లాహ్‌కు వారిలో వేరే మాట ఉన్నది. రాత్రి పడుకోబోయే ముందు ఆ వృద్ధురాలు ప్రతిదినం తలుపు దగ్గర నిలబడి 'అస్తా మన్యానా, సి దియోస్ కియెరే' అంటుంది. రేపటివరకు సెలవు, దేవుడు తలిస్తే. అందులో 'అస్తా' మన 'హత్తా'యే. మావాడి అమ్మీ కర్నూలులో ఫోను పెట్టేటప్పుడు అనే మాట కూడా అదే కదా.

ఇంత జరిగినా మా పాత నొప్పి పూర్తిగా పోలేదు. ఒకరోజు అడిగేశాము: "అక్కడ అరబీని ఏమి చేశారో నీకు తెలుసు కదా, ఆ వీధులలో నడుస్తుంటే నీకేమీ అనిపించదా?" అనిపిస్తుందన్నాడు. రాజు మొదటి యూసుఫ్ 1349లో కట్టించిన మదర్సా భవనం నగరం నడిబొడ్డున ఇప్పటికీ ఉన్నది. ముఖద్వారం తరువాతి కాలానిది. లోపల నమాజు గది, మెహ్రాబు మిగిలాయి. ఇప్పుడది విశ్వవిద్యాలయం అధీనంలో ఉన్నది. దాని ఎదురుగానే, 1492 జనవరి 2న గ్రనాడాను వశపరచుకొన్న ఫెర్డినాండ్, ఇసబెల్లాల సమాధిమందిరం. అక్కడికి నాలుగు అడుగుల దూరంలోని బిబ్ రంబ్లా మైదానంలో అరబీ గ్రంథాలను రాశులు పోసి తగులబెట్టించాడు కార్డినల్ సిస్నేరోస్. మదర్సా మెహ్రాబు ముందు నిలబడి అబ్బాయి మాకు చిత్రం పంపాడు. ఏమీ వ్రాయలేదు. మేమూ ఏమీ అడగలేదు.

తరువాత అతను చదివి చెప్పిన ఒక వృత్తాంతం మాలో చాలాకాలం మెదిలింది. బలవంతాన మతం మార్చబడిన ముస్లిములనూ వారి సంతతినీ 'మొరిస్కోలు' అనేవారు. 1567లో రాజు రెండవ ఫిలిప్ పేరిట గ్రనాడాలో ఒక శాసనం ప్రకటించారు. మొరిస్కోలు మూడేళ్ళలో స్పానిష్ నేర్చుకోవాలి. ఆపైన అరబీ మాట్లాడినా, చదివినా, వ్రాసినా నేరం. అప్పుడు ఫ్రాన్సిస్కో నూన్యెస్ ములేయ్ అనే వృద్ధ మొరిస్కో గ్రనాడా న్యాయాధికారులకు ఒక విన్నపం సమర్పించాడు. భాషకూ మతానికీ సంబంధం లేదన్నాడు; మాల్టా ద్వీపంలోని క్రైస్తవులు అరబీయే మాట్లాడుతున్నారు కదా అన్నాడు. మా వృద్ధులు మూడేళ్ళు కాదు, మిగిలిన జీవితమంతా బడికి పోయి రావడం తప్ప వేరే పని చేయకపోయినా ఆ భాష నేర్వలేరన్నాడు. వినలేదు. మరుసటి సంవత్సరం అల్పుహర్రా కొండలలో తిరుగుబాటు లేచింది, దానిని అణచివేశారు. 1609 నుంచి 1614 వరకు మొరిస్కోలను దేశంనుంచే వెళ్ళగొట్టారు.

మూడేళ్ళ గడువు పెట్టి, శిక్ష చూపి నేర్పబోయిన భాష ఆ వృద్ధులకు రాలేదు. మావాడికి వంటింట్లో రెండు నెలలలో నోరు వచ్చింది. రెండూ ఒకే నగరం, ఒకే భాష.

మా సందేహానికి అతనే మరొక సమాధానం కూడా తెచ్చాడు. గ్రనాడాకు దూరంగా, ఈశాన్యాన ఉన్న అరగాన్ ప్రాంతంలో మొరిస్కోలు ఎప్పుడో అరబీ మాట్లాడడం మరచిపోయారు. లిపి మాత్రం మరువలేదు. వారు తమ నమాజు, ఉపవాసం, దుఆలు, ప్రవక్తల గాథలు స్పానిష్ మాటలలోనే, అరబీ అక్షరాలతో వ్రాసుకున్నారు. దానిని 'అల్హమియాదో' అంటారు. 1884లో అల్మోనసిద్ దె లా సియెర్రా అనే ఊరిలో ఒక పాత ఇంటిని పడగొడుతుంటే లోపల దాచిన అటువంటి వ్రాతప్రతులు ఎన్నో బయటపడ్డాయి. అంటే ఏ భాష మాకు శత్రువులా కనిపించిందో, ఆ భాషలోనే ఆ నిస్సహాయులు తమ విశ్వాసాన్ని పిల్లలకు చెప్పుకున్నారు. తమిళనాడు ముస్లిములు అర్వీ వ్రాయలేదా, మలబారువారు అరబీ మలయాళం వ్రాయలేదా? అంతదాకా ఎందుకు, మేము ఈ శీర్షికను ఏ భాషలో వ్రాస్తున్నాము! ఈ మాట తట్టడానికి మాకు గ్రనాడా నుంచి ఫోను రావలసివచ్చింది.

డిసెంబరులో ఒక ఆదివారం ఆ వృద్ధురాలిని వెంటబెట్టుకొని అబ్బాయి అల్‌హమ్రా కోటకు వెళ్ళాడు. ఆమె పుట్టి పెరిగింది ఆ కోట నీడలోనే. గోడల నిండా చెక్కిన అక్షరాలను చిన్నప్పటినుంచి చూస్తున్నది. అవి ఏమి చెబుతున్నాయో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అడిగింది. గోడ గోడకూ మళ్ళీ మళ్ళీ కనిపించే 'వలా గాలిబ ఇల్లల్లాహ్' అనే నస్రీ రాజుల నినాదాన్ని అతను చదివి, అల్లాహ్ తప్ప వేరే విజేత లేడని ఆమె భాషలో వివరించాడు. ఆమె చాలాసేపు ఆ గోడనే చూస్తూ నిలబడిందట. "ఇంత ఓడిపోయినవాళ్ళు ఇదా వ్రాసుకున్నది?" అన్నదట. ఆ ప్రశ్నకు మావాడి దగ్గర సమాధానం లేదు. స్పానిష్ రాక కాదు.

అక్కడినుంచి పన్నెండు సింహాల ఫౌంటెన్ దగ్గరకు వచ్చారు. దాని పళ్ళెం అంచున 14వ శతాబ్దపు కవి ఇబ్ను జమ్రక్ అరబీ పద్యాలున్నాయి. ఇవి కూడా చదవమన్నది ఆమె. అక్షరాలు పోల్చుకోగలిగాడు, అర్థం అందలేదు. చిత్రం తీసి మాకు పంపాడు. ఇటువైపు మేము నిఘంటువులు ముందు వేసుకొని రెండు రాత్రులు కూర్చున్నాము. నీటినీ పాలరాతినీ గురించిన వర్ణన కొంతవరకు తెలిసింది, కొంత తెలియలేదు. తెలిసినంత చెప్పి, మిగిలినది మాకూ తెలియదని చెప్పాము. ఇంతకుముందు అయితే ఆ రెండవ మాట చెప్పి ఉండేవాళ్ళం కాదు.

బిడ్డలను విదేశాలకు పంపాలా వద్దా అని అడుగుతూ ఈ శీర్షికకు ఉత్తరాలు వస్తుంటాయి. అందరికీ ఒకే సమాధానం మా వద్ద లేదు. వెళ్ళే పిల్లలు తమ భోజన నియమాన్ని ఆ దేశభాషలో నాలుగు రకాలుగా, వస్తువుల పేర్లతో సహా చెప్పడం నేర్చుకొని విమానమెక్కాలి. 'మాంసం తినను' అంటే సరిపోదని మావాడి కథ చెబుతున్నది. నమాజుకు తావు ఎక్కడో ముందే విచారించుకోవాలి. గ్రనాడాలో ఆల్‌బైసీన్ పేటలో 2003లో ప్రారంభమైన మసీదు ఉన్నది; అక్కడి జుమాలో స్పానిష్ మాట్లాడే ముస్లిములను కలుసుకున్న తరువాత మావాడి ఒంటరితనం సగం తగ్గింది. ఇక తల్లిదండ్రులు ఫోనులో మార్కులు అడిగే ముందు, ఈరోజు ఎవరితో మాట్లాడావని అడగాలి.

మా మదర్సాలో ఇప్పుడు ప్రతి గురువారం అస్ర్ తరువాత ఒక గంట అరబీ తప్ప వేరే భాష మాట్లాడరాదు. ఉపాధ్యాయులకు కూడా మినహాయింపు లేదు. మొదటి గురువారం మేము మూడు నిమిషాలలో రెండు తప్పులు చేశాము. వెనుక బెంచీలో ఎవరో నవ్వారు. యాభై దాటిన తరువాత నవ్వించుకోవడం సులభం కాదు. అయినా గంట పూర్తిగా కూర్చున్నాము. తోటి ఉపాధ్యాయులలో ఒకరు దీనిని కాలహరణమంటున్నారు, పాఠ్యగ్రంథం వెనుకబడుతున్నదంటున్నారు. వెనుకబడుతున్న మాట నిజమే.

జనవరిలో అబ్బాయి తిరిగివచ్చాడు. మాకు ఒక సీసా ఆలివ్ నూనె, తల్లికి ఒక దుప్పటి తెచ్చాడు. గాజులు ఇంకా తేలేదు. ఉద్యోగం వచ్చాక తెస్తానన్నాడు. వచ్చిన వారమే గురువారం మదర్సాకు వచ్చి పిల్లల మధ్య కూర్చున్నాడు. దాహం వేసి, నియమం ప్రకారం అరబీలోనే, 'ఉరీదు మాఅన్ బారిదతన్' అన్నాడు. చన్నీళ్ళు కావాలని. ముందు వరుసలోని పదేళ్ళ పిల్లవాడు వెంటనే లేచి, 'బారిదన్' అని దిద్దాడు. అరబీలో నీరు పుంలింగం. మావాడు గట్టిగా నవ్వి, "నిజమే తమ్ముడూ, నేనుండి వచ్చిన చోట నీళ్ళు స్త్రీలింగం" అన్నాడు, తెలుగులో. నియమం తప్పినందుకు పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు. ఈలోగా ఆ పదేళ్ళవాడు కుండలోంచి గ్లాసు నింపుకొని తెచ్చాడు.